ఎద్దు లేని గానుగ

పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఫెరార్‌గంజ్, తుష్నాబాద్‌ల వైపు వెళ్తుంటే కొబ్బరి, పోక తోటలు కనిపిస్తూనే ఉంటాయి. దక్షిణ అండమాన్‌లో ఎండుకొబ్బరి ఈనాడు ఎందరికో బతుకుతెరువు. నూరేళ్ల కిందట ఇదే దీవిలో ఆ ఎండుకొబ్బరి పేరు చెబితే ఖైదీలకు ఒళ్లు జలదరించేది. సెల్యులర్ జైల్లో దాన్ని ఆడించిన గానుగను హిందీలో ‘కోల్హూ’ అనేవారు.

మన ఊళ్లలో గానుగ అంటే బెదరాల్సిందేమీ లేదు. నువ్వులాడించేది గానుగే, చెరకు రసం తీసేదీ గానుగే, గుళ్లకూ కోటలకూ డంగు సున్నం నూరినదీ గానుగే. అన్నిటి చుట్టూ తిరిగేది ఎద్దే, అన్నిటికీ పేరు ఒకటే. గాండ్లవారు, తెలికులవారు తరతరాలుగా దాన్ని నమ్ముకునే బతికారు. నూనె ఇంటికి, తెలకపిండి గొడ్లకు. పొద్దస్తమానం చాకిరీ చేసేవాణ్ని గానుగెద్దు అంటాం. అండమాన్‌లో ఆ మాట అక్షరాలా జరిగింది. ఎద్దును కట్టాల్సిన చోట మనిషిని కట్టారు.

1896లో మొదలుపెట్టి 1906కు పూర్తిచేసిన ఆ జైలుకు ఏడు బారులు, ఒక్కో బారుకు మూడంతస్తులు. దేశం నుంచి రాజకీయ ఖైదీలు రావడం మొదలయ్యాక జైలర్ డేవిడ్ బారీ చేతిలో గానుగే పెద్ద ఆయుధమైంది. రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలి. అంటే పదమూడున్నర కిలోల పైమాటే. ఎండుకొబ్బరి మొదట్లో మెత్తగానే నలుగుతుంది. నలిగేకొద్దీ పిండి బిగిసి, రోకలి కదలనని మొరాయిస్తుంది. అక్కడి నుంచి ప్రతి చుట్టూ రొమ్ముబలంతో నెట్టాల్సిందే. సాయంత్రం నూనె తూచేవారు. తక్కువైతే తిట్లు, దెబ్బలు, గోడకు బేడీలతో నిలబెట్టడం, గంజి మీద ఉంచడం. పుస్తకం, కలం పట్టుకున్న కుర్రాళ్లను ఏరి మరీ ఈ పనికి పెట్టారంటే, కావలసింది నూనె ఒక్కటే కాదని తెలుస్తూనే ఉంది. వాళ్ల నడుము విరగాలి, ఆ తర్వాత మనసు విరగాలి.

కొందరి మనసు విరిగింది కూడా. అలీపూర్ బాంబు కేసులో వచ్చిన ఇందుభూషణ్ రాయ్ 1912లో తన కొట్లోనే ఉరిపోసుకున్నాడు. ఉల్లాస్‌కర్ దత్‌కు మతి చలిస్తే మద్రాసు పిచ్చాసుపత్రికి పంపారు. సావర్కర్‌ను 1911లో గానుగకు పెట్టారు. మిగిలినవారు పని మానేశారు, అన్నం మానేశారు. ఆ గొడవ దేశంలోని పత్రికలకెక్కాక, 1913లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ హోం మెంబరు రెజినాల్డ్ క్రాడక్ స్వయంగా జైలు చూడటానికి రావాల్సి వచ్చింది.

తెలుగువాళ్లు ఈ కథకు బయటివాళ్లు కారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర 1923లో పట్టుబడి, ఉరిశిక్ష యావజ్జీవంగా మారడంతో అండమాన్ చేరాడు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారిని కూడా ఇక్కడికే పంపారు. అదే ఏడాది ఇక్కడి నిరాహారదీక్షలో బలవంతంగా పాలు గొట్టాలతో పోస్తే మహావీర్ సింగ్, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నమదాస్ ప్రాణాలు విడిచారు. 1937లో మళ్లీ దీక్ష. 1938 జనవరికల్లా రాజకీయ ఖైదీలందరినీ వెనక్కి పంపక తప్పలేదు.

2011 జనగణన నాటికి ఈ దీవుల్లో నూటికి పదముగ్గురికి పైగా తెలుగు మాతృభాష. వీళ్లలో చాలామందివి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు. ఆ విశాఖ మన్యం కొండల నుంచే వచ్చిన మల్లుదొర జైలు నుంచి బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.