సుఫ్ఫా అరుగు మీది విద్యార్థులు

  

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా దరూద్, సలాములు పంపిన అనంతరం, ఈ రోజు మీ ముందు ఒక అరుగు చరిత్రను ఉంచదలిచాము. మన పల్లెటూళ్లలో ఇంటి ముందు అరుగు ఉండేది. బాటసారి ఎవరైనా ఆ అరుగు మీద కూర్చోవచ్చు, పడుకోవచ్చు. నీవెవరని అడిగేవారు కారు. మదీనాలో ప్రవక్త మస్జిద్‌కు కూడా అటువంటి అరుగు ఒకటి ఉండేది. దానినే సుఫ్ఫా అంటారు.

హిజ్రీ 2వ సంవత్సరంలో ఖిబ్లా బైతుల్ మఖ్దిస్ నుండి కాబా వైపునకు మారినప్పుడు, మస్జిద్ ఉత్తర భాగంలో ఖర్జూరపు మట్టలు కప్పిన చోటు ఖాళీ అయింది. మదీనాలో బంధువులు గాని, ఇల్లు గాని లేనివారు ఆ నీడలో ఆశ్రయం పొందారు. వారు పగలు శక్తికొలది కష్టపడేవారు, దైవప్రవక్త (స) సన్నిధిలో ఖుర్ఆన్ నేర్చుకునేవారు, రాత్రి అక్కడే నిద్రించేవారు. వారిలో డెబ్భై మందిని తాను చూశాననీ, ఒక్కరికైనా పైన కప్పుకొనే వస్త్రం లేదనీ, ఉన్న ఒకే గుడ్డను మెడకు ముడివేసుకుని, మానం బయటపడకుండా చేతితో పట్టుకుని ఉండేవారనీ హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఆయన కూడా ఆ అరుగు మీది వారే.

వీరి పోషణ ఎట్లా జరిగిందన్నది మనం నిదానంగా గమనించవలసిన విషయం. ఇద్దరికి సరిపడే అన్నం ఉన్నవారు మూడవ వానిని, నలుగురికి సరిపడేది ఉన్నవారు ఐదవ వానిని ఇంటికి తీసుకుపోవాలని దైవప్రవక్త (స) చెప్పేవారు. ఒక రాత్రి హజ్రత్ అబూ బక్ర్ (రజి) ముగ్గురిని వెంటబెట్టుకుని పోగా, దైవప్రవక్త (స) స్వయంగా పది మందిని తీసుకువెళ్లారు. అన్సారులు తమ తోటల నుండి ఖర్జూరపు గెలలు తెచ్చి మస్జిద్‌లో వ్రేలాడదీసేవారు. ఆకలి వేసిన విద్యార్థి వచ్చి కర్రతో తట్టి, రాలిన పండ్లు తినేవాడు. అయితే కొందరు తమ ఇంట్లో తినడానికి పనికిరాని పుచ్చు గెలను, విరిగిన గెలను తెచ్చి తగిలించారు. మీకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుని తప్ప పుచ్చుకోని వస్తువును దైవ మార్గంలో ఇవ్వకండి అన్న భావం గల ఆయతు అల్ బఖరా సూరాలో ఉన్నది కదా, అది ఈ సందర్భంలోనే అవతరించిందని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) వివరించారు. సోదరులారా! విద్యార్థి తినే పండు నాణ్యత గురించి ఆకాశం నుండి ఆదేశం దిగింది. మేము మదరసాలో చదువుకున్న రోజుల్లో, ఎవరి ఇంట్లోనో వలీమా ముగిసిన మరునాడు మిగిలిన పులిసిన అన్నం మాకు వచ్చేది. పంపినవారు పుణ్యం చేశామనే అనుకుని ఉంటారు. ఆ ఆయతును తొలిసారి చదివిన రోజు మాకు గుర్తుకు వచ్చింది ఆ అన్నమే.

అబూ హురైరా (రజి) స్వయంగా చెప్పిన మరొక ఉదంతం ఉన్నది. ఆకలి బాధకు ఆయన కడుపుకు రాయి కట్టుకుని, జనం నడిచే దారిలో కూర్చున్నారు. హజ్రత్ అబూ బక్ర్ (రజి) అటుగా రాగా ఒక ఆయతును గురించి ప్రశ్నించారు. జవాబు తెలియక కాదు, మాటల్లో పడి తనను ఇంటికి తీసుకుపోతారేమోనన్న ఆశతో. ఆయన జవాబు చెప్పి సాగిపోయారు. హజ్రత్ ఉమర్ (రజి) వచ్చారు. అదే ప్రశ్న, అదే ఫలితం. ఇంతటి మహనీయులకు సైతం ఆ ప్రశ్న వెనుక ఉన్న ఆకలి కనబడలేదు. తరువాత దైవప్రవక్త (స) వచ్చారు. ఆయన ముఖం చూడగానే చిరునవ్వు నవ్వి, వెంట రమ్మన్నారు. ఇంట్లో ఎవరో కానుకగా పంపిన ఒక గిన్నెడు పాలు ఉన్నాయి. సుఫ్ఫా వారినందరినీ పిలుచుకుని రమ్మన్నారు. ఇంత మందికి ఈ పాలు ఏ మూలకు, నా వంతు ఏమి మిగులుతుంది అని తన మనసు బాధపడిందని కూడా అబూ హురైరా (రజి) దాచుకోకుండా చెప్పారు. అందరూ కడుపునిండా త్రాగారు. చివరకు ఆయన కూర్చుని, ఇక చోటు లేదనేంత వరకు త్రాగారు. అటు పిమ్మట మిగిలినది దైవప్రవక్త (స) త్రాగారు.

దూరదేశపు విద్యార్థి తన బాధను బాధగా చెప్పడు. సిలబస్ గురించో, మస్‌అలా గురించో అడుగుతాడు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి పంపేవారు చెడ్డవారేమీ కారు. ముఖం మాత్రం చూడలేదు.

ఆడపిల్లల ప్రస్తావన లేకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. ఒక అరబ్బు తెగ విడుదల చేసిన నల్లజాతి యువతి, దొంగతనం చేసిందని అన్యాయంగా నింద మోసి, అవమానం పాలై, నిర్దోషిత్వం వెల్లడైన తరువాత వారిని విడిచి మదీనాకు వచ్చి ఇస్లాం స్వీకరించింది. ఆమె కోసం మస్జిద్‌లోనే ఒక చిన్న గుడారం ఉండేది. తరచుగా హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు వచ్చి కూర్చుని మాట్లాడేదని బుఖారీలో ఉన్నది. నేడు నగరంలోని హాస్టల్ నుండి కాలేజీకి వెళ్లే మన బిడ్డకు జుహర్ వేళ వజూ చేసుకోవడానికి ఎన్ని మస్జిదులలో స్థలం ఉన్నదో మీరే ఆలోచించండి.

ఆ అరుగు మీద మూడు నాలుగేళ్లు గడిపిన అబూ హురైరా (రజి) ద్వారా ఐదు వేలకు పైగా హదీసులు మనకు చేరాయి. ఉమ్మత్ ఆయనకు పోసిన పాలకు ఇంతకన్నా ప్రతిఫలం ఏముంటుంది?

శతాబ్దాలు గడిచాయి. బగ్దాద్‌లో క్రీ.శ. 1067లో నిజామియా విద్యాలయం ప్రారంభమైంది. విద్యార్థులకు వసతి, భృతి ఏర్పాటు చేసిన మహా సంస్థ అది. 1091లో ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) అక్కడ ఆచార్య పీఠం అధిష్ఠించారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై మూడు. ఎదుట మూడు వందల మంది విద్యార్థులు, చుట్టూ కీర్తి. నాలుగేళ్లకే, 1095లో, ఆయన నాలుక కట్టుబడిపోయింది. పాఠం చెప్పబోతే మాట రాలేదు. ముద్ద మింగుడు పడలేదు. వైద్యులు పరీక్షించి, ఇది మనసు నుండి శరీరానికి దిగిన వ్యాధి అన్నారు. తన చదువు, బోధన అల్లాహ్ కోసమా, పేరు కోసమా అన్న ప్రశ్న ఆయనను ఆరు నెలలు అటూ ఇటూ లాగింది. చివరకు పదవి వదిలి డమాస్కస్ వెళ్లిపోయారు. ఇదంతా ఆయన అల్ మున్ఖిజ్ మినద్దలాల్ అనే గ్రంథంలో ఏమీ దాచకుండా వ్రాసుకున్నారు.

పరీక్షా ఫలితాలు వెలువడే రోజుల్లో వార్తాపత్రిక తెరవడానికి మనకు భయం వేస్తున్నది. ఒక బిడ్డ అన్నం మానేసి, మాట మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే, ఈమాన్ బలహీనమైందని తీర్పు చెప్పే పెద్దలు మనలో ఉన్నారు. హుజ్జతుల్ ఇస్లాం అని పిలిపించుకున్న గజాలీ వంటి వారికి వైద్యులు అవసరమయ్యారు. మన బిడ్డను వైద్యుని వద్దకు తీసుకుపోవడంలో సిగ్గుపడవలసినది ఏమున్నది? తరువాత ఆయన స్వస్థలం తూస్‌కు తిరిగివచ్చి, తన ఇంటి పక్కనే ఒక మదరసాను, దాని చెంతనే ఒక ఖాన్‌ఖాహ్‌ను నెలకొల్పారు. తెలివికి ఒక చోటు, మనసుకు ఒక చోటు. రెంటికీ మధ్య ఒక గోడ దూరం.

ఇక మన నేలకు వద్దాము. 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. వైద్యం నుండి గణితం వరకు ఉర్దూలో బోధించాలని, పుస్తకాలు అనువదించడానికి దారుల్ తర్జుమా అనే శాఖను నడిపారు. ముస్లిం విద్యార్థులకు దీనియాత్, ఇతరులకు నీతిశాస్త్రం తప్పనిసరి పాఠ్యాంశాలు. దేవ్‌బంద్‌లో చదివిన మౌలానా మనాజిర్ అహ్సన్ గీలానీ (రహ్మతుల్లాహి అలైహి) దీనియాత్ శాఖలో చాలాకాలం బోధించారు. మదరసా పండితుడు ఆధునిక విశ్వవిద్యాలయపు తరగతి గదిలో నిలబడటం అరుదైన కాలమది.

ఆ వైభవాన్ని మన పెద్దలు గర్వంగా చెప్పుకుంటారు, మేమూ చెప్పుకుంటాము. కాని న్యాయంగా మాట్లాడవలసి వచ్చినప్పుడు మిగిలిన సగం కూడా చెప్పాలి. ఆ రాజ్యంలో అత్యధికుల మాతృభాష ఉర్దూ కాదు. 1938 చివరలో అదే విశ్వవిద్యాలయపు వసతి గృహంలో హిందూ విద్యార్థులు తమ ప్రార్థనా గదిలో వందేమాతరం పాడగా అధికారులు నిషేధించారు, సమ్మె జరిగింది, వందలాది విద్యార్థులు బహిష్కృతులై, చాలామంది నాగ్‌పూర్ విశ్వవిద్యాలయానికి వెళ్లి చదువు ముగించారు. ఆ గీతం విషయంలో మన అభిప్రాయం ఏదైనా కావచ్చు. నేడు మన పిల్లలు నమాజుకు ఒక గది కావాలని అర్జీ పెట్టుకుంటున్నప్పుడు, అధికారం మన చేతిలో ఉన్ననాడు మరొకరి ప్రార్థనా గది పట్ల మనం ఎట్లా వ్యవహరించామో గుర్తుంచుకోవడం మన ధర్మం.

ఆ ఉస్మానియా పెంచిన విద్యార్థులలో ఒకరు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మతుల్లాహి అలైహి). 1908లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో చదివి, 1930లలో జర్మనీలోని బాన్‌లోనూ, పారిస్‌లోనూ డాక్టరేట్లు పొంది, తిరిగి వచ్చి ఉస్మానియాలోనే బోధించారు. ఇస్లాంలో మొట్టమొదటి వసతి విశ్వవిద్యాలయం సుఫ్ఫాయే అని తమ రచనలలో నిరూపించినవారు ఆయనే. అంతేకాదు, అబూ హురైరా (రజి) శిష్యుడైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ తన గురువు నుండి విని వ్రాసుకున్న 138 హదీసుల చిన్న పుస్తకం వ్రాతప్రతులను బెర్లిన్‌లోనూ, డమాస్కస్‌లోనూ గుర్తించి ప్రచురించినది కూడా ఆయనే. మదీనా అరుగు మీద ఆకలితో కూర్చున్న విద్యార్థి మాటను పదమూడు శతాబ్దాల తరువాత హైదరాబాదు విద్యార్థి ఒకడు జర్మనీ గ్రంథాలయంలో చదివాడన్నమాట!

1948లో హైదరాబాదు ప్రతినిధి వర్గంతో విదేశానికి వెళ్లిన ఆయన మళ్లీ ఇక్కడ నివసించలేదు. దశాబ్దాల పాటు పారిస్‌లో ఒంటరిగా, అతి నిరాడంబరంగా జీవించారు. ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించారు; అది 1959లో వెలువడింది. ఇంటికి దూరమైన బ్రతుకు ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టే కాబోలు, ఆఫ్రికా నుండి, అరబ్బు దేశాల నుండి ఫ్రాన్స్‌కు చదువుకోవడానికి వచ్చే యువకులను చేరదీశారు. 1963లో అక్కడ ముస్లిం విద్యార్థుల సంఘం ఏర్పడటంలో ఆయనది ముఖ్య పాత్ర.

అదే 1963 జనవరి 1న, సముద్రాలకు ఆవల, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఉన్న అర్బానాలో మరికొందరు విద్యార్థులు సమావేశమై ముస్లిం స్టూడెంట్స్ అసోసియేషన్‌ను స్థాపించారు. అధికులు ఆసియా, అరబ్బు దేశాల నుండి వచ్చినవారు. వేర్వేరు భాషలవారు, వేర్వేరు ఫిఖ్హ్‌లవారు. ఉన్న ఊళ్లో మస్జిద్ లేదు, హలాల్ మాంసం లేదు, పండుగకు సెలవు లేదు. యూనివర్సిటీలో ఒక గది అడిగి తీసుకుని, దుప్పటి పరచి జుమా చేసుకునేవారు. ఇంజనీరింగ్ విద్యార్థి ఖుత్బా ఇచ్చేవాడు. ఆ సంఘం నుండే 1980ల తొలినాళ్లలో ఉత్తర అమెరికా ఇస్లామిక్ సమాజమనే పెద్ద సంస్థ రూపొందింది. నేడు మన గుంటూరు, కర్నూలు, హైదరాబాదు బిడ్డలు అక్కడి యూనివర్సిటీలో దిగిన మొదటి శుక్రవారమే సలాం చెప్పే మనిషి దొరుకుతున్నాడంటే, దుప్పటి పరచిన ఆ విద్యార్థుల పుణ్యమే. వారికి ఏ నిజామూ ఫర్మానా ఇవ్వలేదు.

ఇంత దూరం వెళ్లివచ్చి, మా మస్జిద్ సంగతి చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రిందట కోస్తా జిల్లా నుండి వచ్చిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి వరుసగా ఏడు జుమాలు మా మస్జిద్ చివరి సఫ్‌లో నమాజు చేశాడు. నూర్‌బాషా కుటుంబపు పిల్లవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఏడు వారాలూ మేము ఉర్దూలోనే ప్రసంగించాము. అతనికి సగం కూడా అర్థం కాలేదు. సలాం తిప్పిన తరువాత ఎవరి చెప్పులు వారు వెతుక్కుని వెళ్లిపోయారు. ఒకరిద్దరు అతని పేరు అడిగి, ఊరు అడిగి, ఉర్దూ రాదా అని నవ్వారట. ఎనిమిదవ వారం అతను రాలేదు. రాలేదని కూడా మాకు తెలియలేదు. ఏడాది గడిచాక, జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న అతని గదిలో స్నేహితునికి తోడుగా వచ్చిన మరొక విద్యార్థి వచ్చి చెప్పగా తెలిసింది. మేము వెళ్లాము. ఆ బిడ్డ మంచం మీద లేచి కూర్చుని, హజ్రత్, మీరు చెప్పేది మంచిదేనని తెలుసు, ఏమి చెబుతున్నారో మాత్రం తెలియలేదు అన్నాడు. ఇరవై ఏళ్లుగా మింబర్ మీద నిలబడుతున్న మాకు తల ఎత్తుకోవడం కష్టమైంది.

ఆ తరువాతి శుక్రవారం నుండి అరబీ ఖుత్బాకు ముందు తెలుగులో మాట్లాడుతున్నాము. మొదట్లో కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. ఉర్దూ మన తహజీబు కదా అన్నారు. నిజమే, మాకూ ప్రాణమే. కాని దైవప్రవక్త (స) గిన్నె అందించినప్పుడు సుఫ్ఫా వారిని ఏ తెగవారని అడగలేదు. ఆ తెలుగు ప్రసంగాలే ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఈ పుస్తకం.

ఆ పిల్లవాడు కోలుకుని, చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరాడు. సెలవు దొరికిన జుమాకు వస్తాడు. చివరి సఫ్‌లోనే నిలబడతాడు. కొత్త ముఖాలు అక్కడే కనబడతాయని అంటాడు.

నమాజు అనంతరం వజూఖానా ప్రక్కన ఉన్న బల్ల మీద ఒక రిజిస్టరు ఉంటుంది. ఎడమ పుటలో విద్యార్థులు తమ పేరు, ఉండే హాస్టలు వ్రాయాలి. కుడి పుటలో, శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరిని భోజనానికి తీసుకుపోగల ఇళ్లవారు వ్రాయాలి. ఆడపిల్లల పేర్లు నమోదు చేసుకోవడానికి ముఅజ్జిన్ గారి ఇంట్లో వేరే పుస్తకం ఉంచాము. గత వారం ఎడమ పుట నిండింది. కుడి పుటలో ఇంకా చోటు ఉన్నది.