ఢిల్లీ ఎగ్జిబిషన్‌లో మా ఇనుప పోతలు

ఇంకో రెండు దుంగలు వెయ్యండర్రా, భోగిమంట అప్పుడే చల్లారకూడదు. అమ్మలూ, నువ్విటు జరుగు, పొగ నీ మీదకే వస్తోంది. పెద్దోడు వచ్చే నెల రాయపూర్‌లో మొదటిసారి స్టాలు పెడుతున్నాడట. “తాతా, మీ కాలంలో ఎలా పెట్టారు?” అని పొద్దున్నుంచీ అడుగుతున్నాడు. చెప్తాను, అందరూ వినండి.

ముందు మన ఊరు భిలాయి సంగతి తెలియాలి. 1955 ఫిబ్రవరి 2న ఇక్కడ ఉక్కు ప్లాంటు కట్టడానికి రష్యావాళ్లతో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. ఆ రోజుల్లోనే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పాసింజరు బండ్లెక్కి ఇక్కడికి దిగారు. మట్టి మోశారు, కాంక్రీటు పోశారు. కొందరికి ప్లాంటులో పర్మనెంటు అయింది, క్వార్టర్లు వచ్చాయి. మిగిలినవాళ్లు క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో ఇళ్లు వేసుకుని నందినీ రోడ్డు షెడ్లలో పనికి కుదిరారు.

మా ఫౌండ్రీ అలాంటి షెడ్డే. ఇనుము కరిగించే ఒక చిన్న క్యూపోలా, ఇసుక, చెక్క ప్యాటర్న్‌లు, చెయ్యి తిరిగిన మౌల్డర్లు. పిగ్ ఐరన్ ప్లాంటు నుంచే వచ్చేది. మేం పోసిన బేరింగు హౌసింగులు కొనేదీ ప్లాంటే. డ్రాయింగు వస్తుంది, టెండరు వేస్తాం, కిలోకి ఇంత అని రేటు కుదురుతుంది, సరుకు గేటులోపలికి పోతుంది. అది ఏ మిషన్‌కి బిగించారో, ఎన్నేళ్లు నిలబడిందో మాకు తెలిసే దారి లేదు. సరుకు తిరగ్గొడితేనే కబురు వచ్చేది. బాగుంటే కబురుండదు. ప్లాంటు మనకు అన్నం పెట్టిన తల్లి, అందులో రెండో మాట లేదు. కానీ చేసిన పని గురించి ఒక మనిషితో నోరారా మాట్లాడుకునే వీలు ఆ పద్ధతిలో లేదు. ఆ లోటు ఎంతటిదో నాకు ఢిల్లీ వెళ్లాకే తెలిసింది.

1980 నుంచి దాదాపు ఏటా నవంబరు 14న ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన మొదలవుతుంది. అప్పటికి మనది మధ్యప్రదేశ్. ఆ రాష్ట్రం పెవిలియన్‌లో చిన్న యూనిట్లకు చోటు ఇస్తారని ఎనభైల మధ్యలో ఎవరో చెబితే, మేమూ కాగితం పెట్టాం. చోటు దొరికింది.

ఏం తీసుకెళ్లాలి? హౌసింగులకు నీలం రంగు కొట్టి వరసగా పేరుద్దామన్నారు అందరూ. మా హెడ్ మౌల్డరు ఒకాయన ఉండేవాడు. పాలకొండ దగ్గరి మనిషి, నేను మావా అని పిలిచేవాణ్ణి. ఆయన ఒప్పుకోలేదు. “రంగేస్తే పైనే కనబడతాది గదా బావూ. లోపలేటుందో ఆడికెలా తెలుస్తాది? ఒకటి కోసి పెట్టీయండి” అన్నాడు.

ఆ మాటలో ఎంత పనితనం ఉందో చూడండి. పోతలో మందంగా ఉన్నచోట ఇనుము అన్నిటికన్నా ఆఖర్న గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు లోపలికి గుంజుకుంటుంది. రైజరు సరైన చోట పెట్టి, కరిగిన ఇనుము అక్కడికి అందేలా చూడకపోతే లోపల బోలు పడుతుంది. పైకి ఏమీ కనబడదు. బరువు పడిన రోజున పగులుతుంది. కోసి చూపించడమంటే మౌల్డరు తన గుట్టంతా బజార్లో పెట్టడమే. మావ అందుకు సిద్ధపడ్డాడు. సరిగ్గా మందమైన చోట పవర్ హ్యాక్సాతో రెండుగా కోయించాం. మావ స్వయంగా ఎమరీ కాగితంతో రుద్ది ఆ ముఖం నున్నగా చేశాడు. చిన్న గుంట కూడా లేదు.

చెక్కపెట్టెల్లో గడ్డి వేసి సర్ది, బిల్టీ రాయించి లారీకెక్కించాం. దారిలో పన్ను వసూలు చేసే ఒక చుంగీ నాకా దగ్గర, ఇది అమ్మే సరుకు కాదు, చూపించి వెనక్కి తెచ్చేదని నమ్మించడానికి ఒక రాత్రంతా పట్టింది.

ప్రగతి మైదాన్‌లో దిగగానే మావ ఒక హాలు ముందు ఆగిపోయాడు. హాల్ ఆఫ్ నేషన్స్. 1972లో ఏషియా 72 ప్రదర్శన కోసం కట్టారు. రాజ్ రేవల్ రూపం గీస్తే, మహేంద్ర రాజ్ లెక్కలు కట్టిన ఇంజనీరు. 78 మీటర్ల వెడల్పు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. మామూలుగా అలాంటి అల్లిక ఉక్కుతో కడతారు. ఉక్కుకి కరువైన రోజులు కాబట్టి కాంక్రీటుతో కట్టారు, అక్కడికక్కడే అచ్చుల్లో పోసి. మావ మెడ వెనక్కి వాల్చి ఆ ముడులన్నీ చూసి, “ఇదీ పోతే బావూ. ఇన్ని ముడులకీ అచ్చులు కట్టినోడెవడో గానీ, ఆడికి దండం” అన్నాడు. అంత కట్టడాన్ని 2017 ఏప్రిల్‌లో పడగొట్టేశారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. దేశం చేతిపనికి గుర్తుగా ఉంచుకోవాల్సింది, పడగొట్టి ఉండకూడదు.

సరే, స్టాలు సంగతి. జనం చీరల కోసం, పచ్చళ్ల కోసం వస్తారు. ఇనుప దిమ్మల దగ్గర ఆగేది ఎవరు? నేను బల్ల వెనక కూర్చుని కాగితాలు పంచుతున్నాను. మావ మాత్రం బల్ల ముందుకెళ్లి నిలబడ్డాడు. చిన్న సుత్తి తీసుకుని హౌసింగు మీద ఒక్క దెబ్బ వేశాడు. చీలిక లేని పోత ఖంగుమంటుంది, చీలిక ఉంటే గొంతు పూడినట్టు మూగగా పలుకుతుంది. ఆ చప్పుడుకి పని తెలిసినవాళ్లు తలతిప్పారు. బటాలా ఫౌండ్రీవాళ్లు వచ్చారు, ఆగ్రావాళ్లు వచ్చారు. వచ్చినవాడల్లా ముందు ఆ కోసిన ముఖం మీద వేలు పెట్టి రాసేవాడు.

“ఒక్కటి ఎంత?” అనేవారు. మాకు కిలో రేటు తప్ప వేరే లెక్క రాదు. ఆ రాత్రి బసలో కూర్చుని ప్యాటర్న్ ఖర్చు, కోరు ఖర్చు, ఫెట్లింగు కూలి, మిషనింగు, రవాణా విడివిడిగా వేసి, ఒక్కో వస్తువుకి ధర కట్టాం. మా వ్యాపారం మాకు తెలిసింది ఆ రాత్రే.

ముజఫర్‌నగర్ వైపు నుంచి చక్కెర మిల్లు ఇంజనీరు ఒకాయన వచ్చాడు. మందమెంత, రైజరు ఎక్కడ పెట్టారు, ఇసుక ఎలా ఎండబెడతారు అని వరసగా అడిగాడు. మావ ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీలో అన్నిటికీ జవాబు చెప్పాడు. చివరికి ఆయన, “దీన్ని పోసిందెవరు?” అన్నాడు. మావ “మైనే” అన్నాడు. ఆయన మావ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అన్నేళ్ల పనిలో ఆ ప్రశ్న మావని ఎవరూ అడగలేదర్రా.

ఆ ఇంజనీరే ఇంకో మాట చెప్పాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకి జర్మనీ క్రుప్ కంపెనీ దాదాపు రెండు టన్నుల ఉక్కు దిమ్మ తెచ్చి పెట్టిందట. అంత దిమ్మని ఒక్క పోతలో తీయగలమని చూపించడమే వాళ్ల ఉద్దేశం. దానికి పతకం, లోకమంతా పేరు వచ్చాయి.

అక్కడికక్కడ ఆర్డర్లు రాలేదు. వచ్చినవాళ్ల చిరునామాలు నోటుపుస్తకంలో రాసుకున్నాం. తిరిగొచ్చాక ఒక్కొక్కరికీ ఉత్తరం రాశాం, ఎవరు ఏమడిగారో గుర్తుపెట్టుకుని మరీ. ఎండాకాలం మొదట్లో చక్కెర మిల్లు నుంచి నమూనాగా కొన్ని పోసి పంపమని జవాబొచ్చింది. ప్లాంటు గేటు కాకుండా వేరే దారి పట్టిన మా మొదటి సరుకు అదే.

పెద్దోడా, నువ్వు బ్రోచర్లు అచ్చు వేయించు, టీవీ తెర పెట్టు, వద్దనను. కానీ షెడ్డులో ఆ పోత పోసినవాడికి కూడా టికెట్టు తియ్యి. మంచి చొక్కా కుట్టించి స్టాలు ముందు నిలబెట్టు. వచ్చినవాళ్లకి ముందు అతని పేరు చెప్పు, తర్వాతే కంపెనీ పేరు.