రంగు కింది సుద్ద

ప్లాస్టిక్ విమానం కిట్ చేతికొచ్చిన కుర్రాడు ముందుగా వెతికేది రంగు డబ్బానే. పెట్టెలోని కాగితం మాత్రం చాలా పనులు చెబుతుంది. ముక్కల్ని చట్రం నుంచి కత్తిరించాలి. అచ్చు లోంచి సులువుగా ఊడడానికి పూసిన జిడ్డు మిగిలి ఉంటుంది కాబట్టి సబ్బునీళ్లతో కడగాలి. రెక్కలు, తోక అతికించి, అతుకుల సందుల్లో పుట్టీ నింపి, ఉప్పుకాగితంతో రుద్ది, పైన ప్రైమర్ వేయాలి. రంగు వంతు ఆ తర్వాతే.

ఖమ్మం వైపున్న దమ్మపేట నుంచి సత్తుపల్లి, తిరువూరు, మైలవరం దాటి కొండపల్లి వెళితే, అక్కడి బొమ్మల కాలనీలో దాదాపు ఇదే వరస కనిపిస్తుంది. ప్లాస్టిక్‌కు బదులు తెల్లపొణికి కర్ర, పుట్టీకి బదులు మక్కు, ప్రైమర్‌కు బదులు సుద్ద. కొండపల్లి బొమ్మను ఒకే దుంగలో చెక్కరన్న సంగతి చాలామందికి తెలియదు. అంబారీ ఏనుగుకు తొండం వేరు, చెవులు వేరు, మీద కూర్చున్న మావటివాడు వేరు. తాటిచెట్టెక్కే గీతకార్మికుడి చేతులు, కాళ్లు కూడా విడివిడిగానే తయారవుతాయి. అన్నిటినీ ఒక్కటి చేసేది మక్కు.

మక్కంటే చింతగింజల పిండిని ముద్దలా చేసి, అందులో రంపపు పొట్టు కలిపినది. కురుమలు నేసిన గొంగళికి గంజి పట్టించేదీ ఈ చింతగింజలతోనే. కొండపల్లిలో మాత్రం మక్కుకు మూడు కొలువులు: అతుకు పెడుతుంది, సందు పూడుస్తుంది, కర్రలో చెక్కలేని ముక్కు, పెదవి లాంటి సన్నపు ఒంపుల్ని తీర్చిదిద్దుతుంది. కిట్లు కట్టేవాళ్లు జిగురుకొక సీసా, పుట్టీకొక గొట్టం కొనుక్కుంటారు. ఈ పద్ధతి చూస్తే వాళ్లకు అసూయ కలగక మానదు.

అంతకన్నా ముందు కర్రను సన్నని సెగ మీద కాచి తేమ లాగేస్తారు. పొణికి మెత్తన, చాలా తేలిక, ఉలికి ఇట్టే లొంగుతుంది. తేమ మిగిలితే మాత్రం తర్వాత కర్ర కుంచించుకుపోయి పైపూత పగులుతుంది. ఇలాంటి తిప్పలు ప్లాస్టిక్‌కూ తప్పలేదు. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ సంస్థ ‘పెంగ్విన్’ పేరుతో మొదటి ప్లాస్టిక్ విమానం కిట్లు అమ్మింది. అవి సెల్యులోజ్ అసిటేట్‌తో చేసినవి, ఏళ్లు గడిచేకొద్దీ వంకర తిరిగేవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాలిస్టైరీన్ వచ్చాకే ఆ బెడద తగ్గింది. 1953లో ఎయిర్‌ఫిక్స్ తెచ్చిన స్పిట్‌ఫైర్ దానితో చేసినదే. 72వ వంతు కొలతలో ఆ యుద్ధవిమానం రెక్కల నిడివి ఆరంగుళాలు దాటి కొంచెం, అంతే.

ఇక సుద్ద సంగతి. మక్కు ఆరాక ఆకురాయితో నునుపు చేసి బొమ్మంతా తెల్లగా పూస్తారు. అప్పటిదాకా కర్ర రంగు ఒకటి, మక్కు రంగు ఇంకొకటి. తెల్లపూత పడగానే మొత్తం ఒకే వస్తువుగా మారుతుంది, దాగి ఉన్న గీతలూ గుంటలూ బయటపడతాయి. విమానం మీద బూడిదరంగు ప్రైమర్ చేసేదీ ఈ పనే. తెల్లపూతకు ఇంకో ఉపయోగమూ ఉంది. పసుపు, ఎరుపు పలచని రంగులు. కింద ఏముంటే అది పైకి తేలుతుంది. అందుకే పసుపు విమానానికి ఇప్పటికీ తెల్ల ప్రైమర్ వేయమంటారు. ఆకుల నుంచి, గింజల నుంచి తీసిన రంగుల్ని మేకవెంట్రుకల కుంచెతో దిద్దిన కొండపల్లి వాళ్లకు ఆ తెలుపు లేనిదే పని జరిగేది కాదు. చేర్యాల పటాలు గీసే నకాషీలు కూడా ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించాకే బొమ్మ మొదలుపెడతారు.

ఏటికొప్పాక బొమ్మలది మరో దారి. అక్కడ అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీని ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ప్రైమర్ ఊసే లేదు. అక్కడ సహజ రంగుల్ని మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

రంగురంగుల హంగు అక్కర్లేని విమానం బొమ్మలూ ఉన్నాయి. 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల్ని ఐదు లక్షల చెక్క విమానాలు చేసిపెట్టమని అడిగింది. అన్నీ 72వ వంతువే, అన్నిటికీ నల్లరంగే. ముప్ఫై అయిదు అడుగుల దూరం నుంచి చూస్తే అసలు విమానం అర మైలు అవతల ఎగురుతున్నట్టు ఉంటుంది. ఆకారం చూసి మనవాడో పగవాడో పోల్చుకోవడం నేర్పడమే వాటి పని. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ లెక్కన విమానాన్ని ఇలా పోల్చుకోవాల్సిన అవసరం మన తీరానికీ పరాయిది కాదు.

కొండపల్లి పనివాళ్లు ఆర్యక్షత్రియులు. తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని, ముక్తఋషి తమ మూలపురుషుడని చెప్పుకుంటారు. వాళ్ల రంగులు కాలంతో మారాయి. ఆకు రంగుల స్థానంలో మెరుపు కోసం, తడి తగిలినా చెదరకుండా ఉండడం కోసం ఎనామిల్ వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువన్న పట్టింపు పెరగడంతో సహజ రంగులు కొంత మేర తిరిగొచ్చాయి. ఇన్ని మార్పుల్లోనూ అడుగున ఉండే మక్కు, సుద్ద మారలేదు.

తరిగిపోతున్నది కర్ర. కొండపల్లి కొండల్లో పొణికి పలచబడింది. ఖమ్మం, వరంగల్ వైపు నాయకపోడు గిరిజనులు తమ దైవం లక్ష్మీదేవర ముఖాలు చెక్కేదీ ఈ కర్రతోనే. దమ్మపేట చుట్టుపక్కల ఇప్పుడు ఎటు చూసినా పామాయిల్ తోటలు. మండలంలోని అప్పారావుపేటలో గెలలు ఆడించే ఫ్యాక్టరీయే ఉంది. నూనెకు పనికొచ్చే ఆ చెట్టు మాను ఉలికి పనికిరాదు.