తొమ్మిదికి లోపలే అనిపించిన సంఖ్య

2013 మే నెలలో లినక్స్ కెర్నెల్ కావలి కూలింది. కూలుతుందని మనకిప్పుడు తెలుసు. తెలిసీ ఆ పాత కోడ్ చదువుతుంటే, ఒక్కో పంక్తి దగ్గర గుండె బరువెక్కుతుంది.

యంత్రం లోపల ఏం జరుగుతోందో లెక్కపెట్టి చెప్పే సదుపాయం పెర్ఫ్. ఏ లెక్క కావాలో యూజర్ ఒక నంబరు పంపి అడుగుతాడు. సాఫ్ట్‌వేర్ లెక్కలు అప్పటికి తొమ్మిదే, 0 నుంచి 8 దాకా. 9 గానీ అంతకు మించి గానీ వస్తే వెనక్కి పంపే తనిఖీ ఉంది. అయ్యో, ఉంది! కావలే లేక చెడిన కథయితే ఇంత బాధ ఉండేది కాదు.

యూజర్ పంపేది 64 బిట్ల సంఖ్య. అందుకున్న ఫంక్షన్ దాన్ని 32 బిట్ల ఇంట్‌లో పోసింది. 4294967295 అని పంపితే లోపల అది −1 అయింది. తొమ్మిదికన్నా చిన్నదే కదా అని తనిఖీ దారి ఇచ్చింది. ఆ లెక్కల పట్టిక హద్దుకు ముందున్న మెమరీలో, తనది కాని చోట, ఒక విలువ పెరిగింది. పని ముగించే ఫంక్షన్ మాత్రం అదే నంబరును 64 బిట్లతో, రుణ సంఖ్యలకు తావులేని యు64గా చదివింది. పెంచింది ఒకచోట, తగ్గించింది మరెక్కడో. రెండు ఫంక్షన్లూ ఒకే ఫైలులో ఉన్నాయి. ఎవరైనా ఒక్క పూట వాటిని పక్కపక్కన పెట్టి చూసి ఉంటే!

చూడలేదు. 2011 జనవరిలో 2.6.37 వెర్షన్‌తో లోపం లోకంలోకి వెళ్లింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6 లోని పాత కెర్నెల్‌కూ అంటుకుంది.

2013 ఏప్రిల్‌లో, సిస్టమ్ కాల్స్ మీద అడ్డదిడ్డమైన విలువలు విసిరి చూసే ట్రినిటీ అనే పరీక్షా సాధనం దాన్ని పట్టుకుంది. టొమ్మి రంటాలా అనే ప్రోగ్రామర్ దిద్దాడు: ఇంట్ తీసి యు64 పెట్టాడు, అంతే. ఇది భద్రతకే ముప్పని ఎవరూ చాటలేదు. మందు చేతిలో ఉండగానే వారాలు జారిపోయాయి. నన్ను అన్నిటికన్నా కలచివేసేవి ఆ వారాలే. మే నడుమ దాడి కోడ్ బయటపడింది. మామూలు ఖాతాతో వచ్చినవాడు సర్వాధికారాలున్న రూట్ అయి కూర్చున్నాడు. ఆ కోడ్ తలమీద 2010 అని రాసి ఉంది. అదే నిజమైతే, ఆ వెర్షన్ విడుదలకు ముందు నుంచే, మనం ఏమరిచి ఉన్న అన్నాళ్లూ ఎవరో ఒకరికి ఆ దారి తెలుసు.

వనపర్తి సంస్థానాధీశుల రాజమహల్లో వెలసిన పాలిటెక్నిక్‌లో, గద్వాల, నాగర్‌కర్నూల్ కాలేజీల్లో సి నేర్చుకుంటున్న పిల్లలారా, ఆ దిద్దుబాటు లినక్స్ కోడ్ మార్పుల చరిత్రలో ఎవరైనా చదువుకునేలా తెరిచే ఉంది. మీ సార్లను అడిగి, ఒక్కసారి కూర్చుని చదవండి.