తలిదండ్రులపై మోపిన నింద

విశాఖపట్టణమున మా పాఠశాలకు కొన్నేండ్ల క్రిందట ఒక తల్లి తన యయిదేండ్ల కుమారుని చేర్పింపవచ్చెను. బాలునకు ఆటిజము కలదని వైద్యులు నిర్ణయించి యప్పటికి నెల దినములైనది. ఆమె మొదట నడిగినది చదువునుగూర్చి కాదు. "మాష్టారూ, ఇది నా వల్లే అయిందంటారా?" అనెను. గ్రహణమునాడు బయటికి వచ్చుటయే కారణమని యత్తవారు, బిడ్డతో మాటలాడక ఉద్యోగమునకు పోవుటయే కారణమని యిరుగుపొరుగువారు అనిరట.

ఈ నింద మన దేశముననే పుట్టినది కాదు. దానికొక చరిత్ర కలదు.

1943లో అమెరికాలోని బాల్టిమోరు వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల స్థితిని వర్ణించి, దీనిని ప్రత్యేకముగా గుర్తించెను. వారిలో మొదటి బాలుని తండ్రి కుమారుని నడవడిని వివరించుచు 33 పుటల లేఖ వ్రాసి పంపియుండెను. ఈ శాస్త్రమునకు తొలి యాధారములలో నొకటి యాలేఖయే. కానర్ దీనిని పుట్టుకతో వచ్చిన లోపముగా నెంచియు, ఆ తలిదండ్రులలో ఆప్యాయత గలవారు తక్కువయని కూడ వ్రాసెను. ఆ రెండవ మాటయే పెరిగి పెద్దదయ్యెను. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తల్లి నిరాదరణమే మూలమని గ్రంథమే వ్రాసెను. సాక్షులుగా వచ్చినవారు ముద్దాయిలైరి.

ఆ తీర్పును త్రిప్పినవారును తలిదండ్రులే. ఇట్టి బాలునకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ దీనికి మూలము శరీరమందే కలదని 1964లో గ్రంథము ప్రకటించి, మరుసటి యేడు తలిదండ్రుల సంఘమును స్థాపించెను. 1969లో ఆ సంఘసభయందే కానర్ తలిదండ్రులు నిర్దోషులని ప్రకటించెను. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అనువారు 21 కవల జతలను పరీక్షించిరి. ఏకరూపులైన 11 జతలలో 4 జతలందు ఇద్దరికిని ఆటిజము కనబడెను. తక్కిన 10 జతలలో నొక్కదానియందును ఇద్దరికి లేదు. పెంపకము కాదు, పుట్టుకయే ప్రధానమని తేలెను. వంశమున వచ్చినది యెవరి యపరాధమును కాదు.

మన దేశమున 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరే లేదు. 1999లో జాతీయ న్యాసపు చట్టము దానిని పేర్కొని, సంరక్షకులను నియమించు మార్గము చూపెను. "మా తరువాత వీని గతి యేమి?" యని ప్రతి గృహమునను రాత్రివేళ వినబడు ప్రశ్నకు ప్రభుత్వమిచ్చిన తొలి సమాధానమది. 2016 చట్టము 21 వైకల్యములలో దీనిని చేర్చెను. మన విశాఖలోని లెబెన్‌షిల్ఫె పాఠశాల పేరు జర్మను పదము. 1958లో మార్బుర్గు నగరమున తలిదండ్రులు కలిసి నెలకొల్పిన సంఘమునకు నదియే పేరు.

నేనామెతో, "కాదమ్మా, మీ వల్ల కాదు" అంటిని; ఆ 33 పుటల తండ్రి కథయు చెప్పితిని. మరుసటి వారమామె యొక నోటుపుస్తకము తెచ్చి నాకిచ్చెను. ఓడ కూత వినబడినచో బాలుడు చెవులు మూసికొనుననియు, రైలుపెట్టెల నెంచుచు శాంతించుననియు అందు వ్రాసియుండెను. నా శిక్షణలో నేర్వనిది ఆ పుస్తకమున నేర్చితిని.

చదువరులారా, అట్టి తల్లి మన యింటికి వచ్చినపుడు దోషమెవరిదని విచారింపక, బిడ్డనుగూర్చి యామె చెప్పునది కూర్చుండి వినుదము.