పొదుగుపెట్ట నిలిపిన జాతి

పల్నాటిసీమలో కారెంపూడి గ్రామము నాగులేటి యొడ్డున ఉన్నది. ఏటేటా అచ్చట పల్నాటి వీరుల ఉత్సవము 5 దినములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినములకు పేర్లు. 12వ శతాబ్దమున మాచెర్లకును గురజాలకును నడుమ జరిగిన యుద్ధమునకు ఒక కోడిపందెము మొదలని ఆ సీమలో పిల్లలకు సైతము తెలియును. పందెమున ఓడిన బ్రహ్మనాయుడు తనవారితో 7 ఏండ్లు సీమ విడిచి పోవలసివచ్చెను. గెలిచినది నాయకురాలు నాగమ్మ. శ్రీనాథుని రచనగా ప్రసిద్ధి కెక్కిన పల్నాటి వీరచరిత్రమును 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ప్రకటించిన పిదప ఈ కథ పుస్తకరూపమున చదువరులకు అందినది.

పందెములో మోసమెవరిది, న్యాయమెవరిది అని వాదించుకొనుటకే జనులు ఎక్కువ కాలము వెచ్చించినారు. ఆ పుంజులు ఏ జాతివి, వాని తల్లులను ఎవరు సాకిరి, ఏ గంపలో ఏ పెట్ట పొదిగెను అని అడిగినవారు అరుదు. చరిత్ర పుంజును జ్ఞాపకముంచుకొని పెట్టను మరచినది. కాని జాతి నిలిచినది పెట్టవలననే.

కోళ్ళలో జాతిభేదమును గుర్తించుట మన దేశమున కొత్త సంగతి కాదు. దండి సంస్కృత దశకుమారచరితములో ప్రమతి అనువాడు బాటసారియై పోవుచు ఒక కోడిపందెమును చూచును. అందొక కోడి నారికేళజాతిది, రెండవది బలాకజాతిది. ఆ రెండింటికి జత కుదిర్చినవారి తెలివితక్కువతనమునకు అతడు నవ్వుకొనును. చూచినంతనే కోడి జాతిని చెప్పగల నేర్పు ఆనాటికే ఉన్నదనుటకు ఇది చాలును. ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చెను. తరువాత వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము ఓరుగల్లు వీథులలోని కోడిపందెమును వర్ణించినది.

నేడు పందెపు పుంజుల జాతికి అసీలు అని పేరు. ఇది అరబ్బీ మాట. మూలశుద్ధి గలదని అర్థము. పశుపక్షి జాతులను నమోదుచేయు కర్నాలులోని జాతీయ సంస్థ ఈ జాతికి ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములను స్వస్థానములుగా పేర్కొన్నది. పుంజు 4 మొదలు 5 కిలోలు, పెట్ట 3 మొదలు 4 కిలోలు తూగును. మెడయు కాళ్ళును పొడవు. నిలిచినపుడు దేహము నిట్టనిలువుగా ఉండును. ఈకలు కురుచగా, బిరుసుగా ఒంటికి అంటుకొని ఉండును. తలమీది ఎర్రని జుట్టు రంపపు పండ్లవలె పైకి లేవక, బఠాణిగింజలను 3 వరుసలుగా పేర్చినట్లు అణగియుండును. ఎదిరి కోడి ముక్కున కరచి పట్టుటకు అది దొరకదు.

పెంపకగాండ్రకు ఈ శాస్త్రీయ వర్ణనతో పనిలేదు. వారికి రంగుల పేర్లున్నవి. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ, రెక్కలపై పసుపు ఈకలున్నది నెమలి. మైల, పింగళ, కౌజు మున్నగునవి మిశ్రమవర్ణములు. ఏ వారమున ఏ రంగు కోడి గెలుచునో చెప్పు కుక్కుటశాస్త్రమొకటి ప్రచారమున ఉన్నది. ఆ జోస్యమునకు ఆధారమేమియు లేదు. కాని ఈ రంగుల పట్టిక మాత్రము తరతరముల పరిశీలన ఫలము. పుట్టిన పిల్ల ఏ పుంజుకు, ఏ పెట్టకు కలిగినదో ఊహించుటకు అది ఉపయోగించెను. గెలిచిన పుంజును మంచి వెలకు అమ్మినవాడు సైతము దాని తల్లిని అమ్ముటకు ఒప్పుకొనడు. పిల్ల గుణములలో సగము తల్లినుండి వచ్చునని అతడు ఏ పుస్తకములోను చదువలేదు.

ఆ తల్లి చేయు పనిని చూడుడు. పది పండ్రెండు గ్రుడ్లు పెట్టిన పిదప పెట్ట పొదుగుకు వచ్చును. గూడు విడువదు, చేయి పెట్టినచో ఈకలు నిక్కించి పొడుచును, మేతమీద ధ్యాస తగ్గును. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి ప్రోలాక్టిన్ అను హార్మోనును హెచ్చుగా స్రవించుటవలన ఈ మార్పు కలుగును. రొమ్ము క్రింద కొన్ని ఈకలు రాలి చర్మము బయటపడును. ఆ చర్మము గ్రుడ్లకు నేరుగా తగిలి వేడినిచ్చును. ఇల్లాలు గంపలో ఊకయో ఇసుకయో పోసి, పైన మెత్తని గడ్డి పరచి, గ్రుడ్లు పేర్చి పెట్టను కూర్చుండబెట్టును. పెట్ట దినమునకు అనేక పర్యాయములు గ్రుడ్లను ముక్కుతో త్రిప్పును. త్రిప్పనిచో లోని పిండము పెంకు వైపు పొరకు అంటుకొని చెడును. 7వ దినపు రాత్రి గ్రుడ్డును దీపమున కెదురుగా పట్టి చూచినచో సాలెగూటివలె వ్యాపించిన నెత్తుటి నాళములు కనబడును. అవి లేని గ్రుడ్డును తీసివేయుదురు. 21వ దినమున పిల్ల ముక్కుపైనున్న చిన్న గట్టి మొనతో పెంకును పగులగొట్టుకొని బయటికి వచ్చును. పొదుగు గ్రుడ్లను వేరువేరు దినములందు పగులగొట్టి చూచి, 3 దినములు గడచునప్పటికి గుండె ఒక నెత్తుటి చుక్కవలె కొట్టుకొనుచుండునని అరిస్టాటిలు క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దముననే వ్రాసెను. హైస్కూలు ప్రయోగశాలలో జీవశాస్త్రమునకు ఇంతకంటె చౌకయైన పాఠము దొరకుట కష్టము.

పల్నాటి వేసవి ఈ పనికి పెద్ద అడ్డు. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతట ప్రసిద్ధములు. కోడిగ్రుడ్డులోని పిండము సుమారు 21 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువనే నిద్రాణముగా ఉండును. అంతకు మించిన వేడిలో, పెట్ట పొదుగుకు కూర్చుండకమునుపే అది కొద్దికొద్దిగా పెరుగ నారంభించి, తగిన వేడి నిలుకడగా అందక చచ్చును. వేసవిలో పెట్టిన గ్రుడ్లు పెక్కు మురిగిపోవుటకు కారణమిదే. అందుచే గ్రుడ్డును పెట్టిననాడే తీసి, తడి ఇసుకపై నుంచిన మట్టిపాత్రలో దాచుట మంచి పద్ధతి. పొదుగుకు చలికాలము మేలు.

మిరప కల్లములలో ఒక వింత కనబడును. మనుష్యులు ముక్కుకు గుడ్డ కట్టుకొని తుమ్ముచుండగా, కోళ్ళు తాలుకాయలలోని గింజలను హాయిగా ఏరుకొని తినును. మిరపలోని కాప్సైసిన్ మన నాలుకయందలి వేడిని గుర్తించు గ్రాహకమును తాకుటచే మంట పుట్టును. కోడియందలి ఆ గ్రాహకము కాప్సైసిన్‌కు స్పందింపదని 2002లో అమెరికా శాస్త్రజ్ఞులు జోర్డ్, జూలియస్ కనుగొనిరి. ప్రత్తి విషయము వేరు. ప్రత్తిగింజలలో గాసిపోల్ అను పదార్థమున్నది. ప్రత్తిపిండి హెచ్చుగా తిన్న పెట్ట గ్రుడ్డును నిలువ ఉంచినచో పచ్చసొన ఆకుపచ్చ కలసిన గోధుమరంగుకు తిరుగును.

ఈ పెరటికోడికి మూలపురుషుడెవరు అను ప్రశ్నకు గుంటూరుతో ఒక సంబంధమున్నది. 1845 మొదలు 1854 వరకు ఉత్తర సర్కారుల కమీషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపమును త్రవ్వించినవాడు. తెలుగు చెట్లపేర్లను కూర్చి 1859లో ఫ్లోరా ఆంధ్రికా ప్రకటించినవాడు. 1855లో ఇంగ్లండు పోయినపుడు అతడు చార్లెస్ డార్విన్‌ను కలిసికొనెను. మరుసటి సంవత్సరము డార్విన్ అతనికి జాబు వ్రాసి భారతదేశపు పావురముల, కోళ్ళ చర్మములను పంపగోరెను. ఎలియట్ పంపిన పావురముల చర్మములకు డార్విన్ 1859నాటి జాతుల ఉత్పత్తి గ్రంథమున కృతజ్ఞత తెలిపెను. పెంపుడు కోళ్ళన్నియు ఎర్ర అడవికోడినుండియే పుట్టినవని 1868లో అతడు వాదించెను. అది చాలవరకు సత్యమని నేటి జన్యుపరిశోధన చెప్పుచున్నది. కాని పూర్తిగా కాదు. పెక్కు పెంపుడుకోళ్ళ కాళ్ళకు, చర్మమునకు ఉన్న పసుపువన్నెకు కారణమైన జన్యువు ఎర్ర అడవికోడిది కాదనియు, దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదనియు 2008లో స్వీడనులోని ఉప్సాలా పరిశోధకులు నిరూపించిరి. ఆ అడవికోడి నల్లమలలో నేటికిని కూయుచున్నది. పల్నాటి పొలములకు పడమటి హద్దు ఆ అడవియే.

అసీలు సముద్రము దాటినది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నివాసియు, బెంగాలు సైన్యాధికారియు నైన సర్ వాల్టర్ గిల్బర్టు సుమారు 1820లో అసీలును అచ్చటి పందెపు కోళ్ళతో కలిపి ఒక సంకరజాతిని తీసెనని ప్రతీతి. దానికి ఇండియన్ గేమ్ అనియు కార్నిష్ అనియు పేర్లు. పోరులో అది అక్కరకు రాలేదు. కాని రొమ్మున కండ అపారము. 1902లో విలియం బేట్సన్ మెండెల్ సూత్రములు జంతువులకు సైతము వర్తించునని చూపుటకు ఈ ఇండియన్ గేమ్ కోళ్ళనే లెగ్‌హార్న్ కోళ్ళతో కలిపెను. బఠాణిజుట్టు ఒంటిజుట్టును అణచునని తేలెను. 1948లో అమెరికాలో రేపటికోడి అను పేర జాతీయపోటీ జరిగెను. కార్నిష్ పుంజును న్యూహాంప్‌షైర్ పెట్టతో కలిపి తీసిన కోళ్ళతో కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాంట్రెస్ దానిని గెలిచెను. నేటి బ్రాయిలరు తండ్రివంశములకు కార్నిష్ రక్తమే మూలము. గుంటూరులోగాని ఒంగోలులోగాని మాంసపు దుకాణమున వ్రేలాడు బ్రాయిలరు కోడిలో అసీలు అంశ ఉన్నదని కొనువారికి తెలియదు.

అయితే ఆ ప్రయాణములో ఒక గుణము జారిపోయినది. పొదుగుకు కూర్చున్న పెట్ట గ్రుడ్లు పెట్టదు. గ్రుడ్లకొరకు కోళ్ళను పెంచువారికి అది నష్టము. అందుచే లెగ్‌హార్న్ వంటి జాతులలో పొదుగు కోరిక లేని పెట్టలనే ఏరుకొనుచు వచ్చిరి. పొదుగుట యంత్రము పాలయ్యెను. లెగ్‌హార్న్ వంశపు వాణిజ్యపు పెట్ట నేడు ఏటికి 300 గ్రుడ్లకు పైగా పెట్టును. అసీలు పెట్ట 100 కూడ పెట్టదు. పొదుగని రెండు జాతులను కలిపినచో పిల్లలలో పొదుగు కోరిక ఒక్కొక్కప్పుడు తిరిగి తలయెత్తునని డార్విన్ వ్రాసెను. ఆ కోరిక అంత లోతుగా పాతుకొన్నది.

హైదరాబాదు రాజేంద్రనగరున 1988లో నెలకొన్న కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను కోళ్ళను తయారుచేసినది. నాటుకోడికంటె ఇవి త్వరగా పెరుగును, హెచ్చు గ్రుడ్లు పెట్టును. పేద కుటుంబములకు వానివలన మేలు కలిగినదనుట నిజము. కాని ఇవి పొదుగవు. పిల్లలు కావలసినపుడెల్ల బయట కొనవలెను. లేదా గ్రుడ్లను ఇరుగుపొరుగు నాటుపెట్ట క్రింద పెట్టవలెను. నాటుపెట్టలు లేని ఊరిలో అట్టి గ్రుడ్లు కూరకు తప్ప పనికిరావు.

నాటుపెట్టలు ఊరూరున తగ్గుటకు కొక్కెర తెగులు పెద్ద కారణము. 1927లో రాణీఖేతులో గుర్తింపబడుటచే దానికి ఆ ఊరిపేరే స్థిరపడినది. వచ్చినచో వాడంతయు ఒక వారములో ఖాళీ యగును. సాధారణపు కోడిపిల్లలను సంతలో మరల కొనవచ్చును; నాలుగు తరములుగా ఒక ఇంట నిలిచిన పెట్టల వరుస పోయినచో అది కొనుటకు దొరకదు. దీనికి టీకా 1940ల నుండియు ఉన్నది. పుట్టిన 5 మొదలు 7 దినములలో లసోటా చుక్కమందు, 8 వారములు దాటిన పిదప ఆర్-2-బి సూది వేయింతురు. పది కోళ్ళున్న ఇంటికి పెద్ద చిక్కు టీకామందు వెలకాదు. ఒక సీసా వందకోళ్ళకు వచ్చును, కలిపిన మందు నిలువ ఉండదు. వీథివారందరు కూడి ఒకేదినమున వేయించుకొన్నచోట ఆ చిక్కు లేదు.

1960నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1974నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టమును కోడిపందెములను నిషేధించినవి. సంక్రాంతి నాళ్ళలో ఆ నిషేధము ఎంతవరకు అమలగునో అందరెరిగినదే. కత్తికట్టి కోళ్ళను చంపించు ఆట క్రూరమైనది. అది నిలిచిపోవుట న్యాయము. అయితే ఇన్ని శతాబ్దములు అసీలును శుద్ధముగా ఉంచుటకు జనులకు గల ప్రేరణ ఆ ఆటయే అను సంగతి కప్పిపుచ్చరాదు. పందెమునకు బదులు మరియొక ప్రయోజనము ఆ పెట్టకు కల్పింపవలసియున్నది. నాటుకోడి మాంసమునకు బ్రాయిలరుకంటె హెచ్చువెల పలుకుట అట్టి ప్రయోజనములలో ఒకటి.

రాజేంద్రనగరున అసీలు మందను శాస్త్రీయముగా కాపాడుచున్నారు. అచ్చట గ్రుడ్లను విద్యుత్తుతో నడచు పొదుగుయంత్రములలో ఉంచుదురు. రంగు, తూకము, కాళ్ళపొడవు, జుట్టు అన్నియు కొలచి వ్రాసికొనవచ్చును. కాని యంత్రము పొదుగుచోట ఏ పెట్టకు కూర్చుండు బుద్ధి ఉన్నదో, ఏ పెట్టకు లేదో పరీక్షించు సందర్భమే రాదు. పొదుగని పెట్ట పిల్లలును పొదుగు పెట్ట పిల్లలును అచ్చట సమానముగా లెక్కకు వచ్చును. ఆ పరీక్ష ప్రతి తరమునందును జరుగుచున్నది పల్లెయింటి గంపలోనే. 21 దినములు కదలక కూర్చున్న పెట్టకు మాత్రమే అచ్చట పిల్లలుందురు.