నుమాయిష్‌లో రింగుల ఆట, క్షయరోగి మాత్ర

ఉద్యోగ విరమణకు కొంతకాలం ముందు, ఆబిడ్స్ కాలిబాట మీద ఆదివారం పరిచే పాత పుస్తకాలలో బి.ఎఫ్. స్కిన్నర్ 1953లో ప్రచురించిన ‘సైన్స్ అండ్ హ్యూమన్ బిహేవియర్’ నాకు దొరికింది. అది చదివిన తరువాత, అంతవరకు రోగులను నేను మందలించిన తీరు తలచుకొని సిగ్గుపడ్డాను.

ఎందుకో చెబుతాను. క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలు దాటేసరికి దగ్గు, జ్వరం తగ్గి, కొందరు మాత్రలు మానేసేవారు. “నీకు శ్రద్ధ లేదు” అని కసిరేవాణ్ణి. శ్రద్ధ లేదని నాకెట్లా తెలుసు? మాత్రలు మానేశాడు గనుక. ఎందుకు మానేశాడు? శ్రద్ధ లేదు గనుక! ప్రవర్తనకు ఒక పేరు పెట్టి, ఆ పేరునే కారణంగా చూపే ఇటువంటి సమాధానాలు వట్టి కల్పనలని స్కిన్నర్ వాదన.

ఇక్కడ ఒక పొరపాటు పడకండి. 1913లో ప్రవర్తనావాదాన్ని ప్రకటించిన జాన్ వాట్సన్ అంతఃపరిశీలనను శాస్త్రం నుంచి వెలివేశాడు. స్కిన్నర్ దారి వేరు. ఆలోచన, బాధ నిజమే, కాని అవీ జీవి ప్రవర్తనలో భాగాలే, వాటికీ కారణాలు వెతకాలన్నాడు. కారణమంటే లోపల కూర్చొని తోసే శక్తి కాదని, విషయాల మధ్య నిలకడగా కనిపించే సంబంధమని ఎర్నెస్ట్ మాక్ రచనల నుంచి గ్రహించాడు. ప్రకృతి జీవజాతులను ఎంపిక చేస్తుందన్న డార్విన్ మాటను అలవాట్లకు అన్వయించాడు. ఫలితాలే అలవాట్లను ఎంపిక చేస్తాయన్నాడు.

ఇది బోధపడాలంటే నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లాలి. (అది పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన 1938లోనే స్కిన్నర్ తొలి గ్రంథమూ వెలువడింది.) రింగులు విసిరే దుకాణం ముందు కాసేపు నిలబడండి. పదిసార్లు తప్పినా మనిషి కదలడు. ఎప్పుడో ఒక సబ్బుబిళ్ల దక్కింది, మళ్లీ ఎప్పుడు దక్కుతుందో తెలియదు. క్రమం లేకుండా అందే ఫలితం అలవాటును ఎంత గట్టిగా నిలుపుతుందో స్కిన్నర్, ఫెర్‌స్టర్ పావురాలపై ప్రయోగాలు చేసి 1957లో గ్రంథస్థం చేశారు. అతణ్ణి మూర్ఖుడనే ముందు ఆటను చూడాలి.

క్షయరోగి స్థితి దీనికి తలకిందులు. దగ్గు తగ్గుతున్నంతకాలం మాత్ర ఫలితం కంటికి కనబడేది. ఆ తరువాత మిగిలింది కడుపులో వికారం, ఆసుపత్రికి వస్తే పోయే ఒకనాటి కూలి.

సమాజాన్నంతటినీ ఈ పద్ధతిలో మలచవచ్చని 1971లో స్కిన్నర్ రాశాడు. అంతదూరం నేను వెళ్లలేను. మలిచే చేయి ఎవరిదన్న ప్రశ్నకు ఆయన సమాధానం నాకు తృప్తినివ్వలేదు. నేను చేసింది చిన్న పని. మందు మానినవారిని “ఎందుకు మానావు?” అనడం విడిచి, “మాత్ర వేసుకున్నాక ఎట్లా ఉంటోందయ్యా?” అని అడగసాగాను. చాలామంది వికారమనే చెప్పారు. అంతకుముందు ఆ మాట వారు ఒక్కసారీ నాతో అనలేదు.